గత్తర అధ్యాయం మూడోసారి రాసినప్పుడు

1945 వేసవిలో నన్ను వరంగల్‌లోని ఒక చిన్న తెలుగు ముద్రణాలయానికి సహాయ సంపాదకుడిగా వేశారు. పేరు పెద్దదే గానీ, పని చాలావరకు ప్రూఫులు దిద్దడం. దానికి తోడు మేనేజరు గారు ఇంకో బాధ్యత అప్పగించారు. దవాఖానల్లో, బడుల్లో, రైల్వేలో పనిచేసి విరమించిన కొందరి అనుభవాలతో పుస్తకం వేయాలని ఆయన సంకల్పం. వాళ్లకు రాయడం అలవాటు లేదు. ప్రతి శనివారం సుబేదారిలోని ఒక బడి గదిలో కూర్చోబెట్టి నేను రాయించాలి.

రాసుకొచ్చింది ఎవరికి వారు అందరి ముందూ చదవాలి. మొదటి చదువులో ఎవరూ అడ్డు రాకూడదు. రెండో చదువులో ప్రశ్నలు అడగవచ్చు. వాటిని బట్టి తిరగరాసిన ప్రతిని మళ్లీ విని, అచ్చు కూర్చే కంపోజింగుకు ఇచ్చేవాళ్లం.

మరియమ్మ గారు మిషను దవాఖానలో నర్సుగా చేసి విరమించారు. నెక్కొండ దగ్గరి పల్లెలో గత్తర, అంటే కలరా, వచ్చినప్పటి సంగతి రాశారు. లచ్చమ్మ అనే కూలిమనిషి గుడిసెలో ఆమె పసిబిడ్డకు తాను ఉప్పునీళ్లు చెంచాతో పట్టడం, ఏ గిన్నె ఎక్కడ పెట్టిందీ, చెయ్యి ఎలా తిమ్మిరెక్కిందీ అన్నీ ఉన్నాయి. పిల్ల కళ్లు తెరవడంతో అధ్యాయం ఆగిపోయింది.

రెండో చదువులో, స్టేషను మాస్టరుగా చేసిన పెద్దాయన అడిగారు. “పిల్ల బతికిందా అమ్మా?”

ఆమె కాగితాలు మడిచి, వచ్చే వారం రాసుకొస్తానన్నారు. మరుసటి వారం చదివిన ప్రతిలో పిల్ల బతికింది. గది అంతా తేలికపడింది. ఆ రోజు వచ్చి ఉన్న మేనేజరు గారు ఆ ప్రతిని వెంటనే కంపోజింగుకు పంపారు.

పేజీలు కట్టకముందు తీసే పొడుగాటి ప్రూఫును గేలీ అంటాం. గేలీ చదువుతుంటే చివరి పేరా నాకు తేడాగా తోచింది. అందులో గిన్నె లేదు, చెంచా లేదు. ‘దేవుని దయవల్ల పిల్ల కోలుకున్నది’ అని ఒక్క వాక్యం. గేలీ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, ఇది జరిగిందేనా అని అడిగాను.

“కాలేదు సారు. తెల్లారేసరికి పాణం పోయింది. అందరు నా మొకమే జూస్తాండ్రు. సచ్చిపోయిందని సదవనీకి నోరు రాలే.”

మొదట రాసినట్టే కళ్లు తెరవడంతో ఆపేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. లచ్చమ్మ బతికే ఉందని, ఆమెనే అడుగుతానని అన్నారు. నన్నూ రమ్మన్నారు.

లచ్చమ్మ అప్పటికి హసన్‌పర్తిలో పెద్దకొడుకు దగ్గర ఉంటోంది. మేము వెళ్లేసరికి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మరియమ్మ గారు పిల్ల బతికిన ముగింపు చదివారు. లచ్చమ్మ చేతులు ఆగిపోయాయి.

“బతికిందని రాస్తే ఎట్లక్కా? ఆ పొద్దు నా బిడ్డను బొందపెట్టనీకి నేనే ఎత్తుకపోయిన. అదంత ఏడ బోవాలె?”

ఒక గింజ తీసి పక్కన పెట్టి మళ్లీ అంది. “సచ్చిపోయిందనే రాయి. పేరు గూడ రాయి, ఎల్లమ్మ అని. ఇప్పుడు ఆ పేరు నేనొక్కదాన్నే తలుస్త.”

పేరు అడగాలని తనకు అప్పుడూ, ఇప్పుడూ తోచలేదని తిరిగొచ్చేటప్పుడు మరియమ్మ గారు అన్నారు.

కంపోజు అయిన దాన్ని మార్చడం మేనేజరు గారికి ఇష్టం లేదు. చదివేవాళ్లకు అంత బాధ ఎందుకన్నారు. పేజీలు కట్టలేదు గనుక మార్చడం కష్టం కాదని నేను చెప్పాను. మార్చకపోతే అధ్యాయం వెనక్కి తీసుకుంటానని మరియమ్మ గారు నిదానంగా చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు.

మూడో ప్రతి చదివిన రోజు ఎవరూ ప్రశ్న వేయలేదు. స్టేషను మాస్టరు గారు మాత్రం, “బిడ్డ పేరు ఇంకొక్కసారి సదువుండ్రమ్మా” అన్నారు. ఆమె చదివారు.

ఆ తరువాత నేను నడిపిన ఏ గోష్ఠిలోనూ ‘చివరికి ఏమైంది’ అని ముఖాముఖి అడగనివ్వలేదు. ఆ ప్రశ్న కాగితం మీద రాసి ఇమ్మనేవాణ్ణి. రచయిత ఇంటికి వెళ్లి ఒంటరిగా జవాబు రాసుకునేవాడు. ఎదురుగా ముఖాలు ఉంటే, మనిషి వాటికి నచ్చే ముగింపునే వెతుక్కుంటాడు.