నీళ్ళు వినే మా బావ

మా అక్క మా బావతో మాట్లాడటం మానేసి ఆరు రోజులైంది. ఏడో రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "నేను మాట్లాడట్లేదన్న సంగతి ఆయనకింకా తెలియనే లేదే" అంది.

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పెళ్ళాం అలిగితే బతిమాలేవాళ్ళని చూశాను, ఎదురు అలిగేవాళ్ళనీ చూశాను. అలక సంగతే తెలియనివాడు మాత్రం మా బావ ఒక్కడే.

బావ నీళ్ళ శాఖలో పనిచేస్తాడు. రోడ్డు కింద పైపు ఎక్కడ పగిలిందో కనిపెట్టడం ఆయన పని. చేతిలో ఓ ఇనప కడ్డీ ఉంటుంది. దాని ఒక కొస నేలకి ఆనించి, రెండో కొస మీదకి తల వంచి కళ్ళు మూసుకుంటాడు. పక్కన లారీ హారన్ కొట్టినా ఉలకడు, పలకడు. కాసేపయ్యాక సుద్దముక్కతో గుండ్రం గీసి "ఇక్కడ తవ్వండి" అంటాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ గుండ్రం జానెడు కూడా పక్కకి పోలేదు. దేవుడికి దణ్ణం పెట్టమంటే బద్ధకించే మనిషి, ఆ పనప్పుడు మాత్రం నడిరోడ్డు మీదైనా చెప్పులు విప్పేస్తాడు. "మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే మరదలా. వాటి మాట వింటుంటే మనసు ఉతికి ఆరేసినట్టుంటుంది" అంటాడు.

"ఇంట్లో మనిషి మాట మాత్రం చెవికెక్కదు" అంది అక్క ఫోన్లో. "రెండేళ్ళుగా ఇదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, రేపు చూద్దాంలే అంటారు. నా మీద మనసు విరిగిపోయిందే. బట్టలు సర్దుకున్నా, నీ దగ్గరికొచ్చేస్తా."

ఆటో పట్టుకుని పరుగున వెళ్ళాను. నిజంగానే మంచం మీద సూట్‌కేసు ఉంది. బావేమో వంటింటి గోడలో ఎక్కడో నీళ్ళు కారుతున్నాయని సింకు కింద దూరాడు. అక్క ఇవతలి గదిలో అదే గోడకి చేరగిలబడి, తల ఆనించి, గొంతెత్తింది.

"నా గొంతంటే విసుగొచ్చిందని ఒక్క ముక్క చెబితే పోయేదిగా! పాతికేళ్ళ కాపురం చేసి, చివరికి గోడకి చెప్పుకోవాల్సి వచ్చింది. పోతున్నా. ఆ పైపులతోనే కాపురం చేసుకోమను."

అక్కకి మంచినీళ్ళు తెద్దామని వంటింట్లోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. కడ్డీ ఒక కొస గోడకి ఆనించి ఉంది, రెండోది బావ పళ్ళ మధ్య ఉంది. కళ్ళమ్మట నీళ్ళు. పిలిచాను, పలకలేదు. భుజం తట్టాక ఉలిక్కిపడి కడ్డీ తీశాడు.

"మీ అక్క వెళ్ళిపోతానంటోంది" అన్నాడు.

"నీకు వినబడుతోందా, మరి?"

నా పెదాల వంకే చూసి, మెల్లిగా చెప్పాడు. "చెవులు పోయి రెండేళ్ళయింది. కడ్డీ పళ్ళతో పట్టుకుంటే ఎముకల్లోంచి వినబడుతుంది. ఆఫీసులో తెలిస్తే నీళ్ళ దగ్గర్నుంచి తీసేసి కుర్చీలో కూలేస్తారు. అందుకని ఇంట్లోనూ చెప్పలేదు. ఇవాళ నీళ్ళ వెనకాల తన గొంతు వినబడింది. ఎన్నాళ్ళయిందో."

నాకు ఒళ్ళు మండింది. "ఆరు రోజులుగా అక్క నీతో మాట్లాడట్లేదు, అదైనా తెలుసా?"

"మూతి కదపట్లేదని చూశాను. పంటి నొప్పేమో అనుకున్నా."

ఎప్పుడొచ్చి నిలబడిందో, నా వెనకాల అక్క పకపకా నవ్వింది. ఆ వెంటనే భోరుమంది. ఆ పైన చేతిలో ఉన్న తువ్వాలుతో నాలుగు తగిలించింది. "చెవులు పోతే నాకు చెప్పరా? నేనేమన్నా మీ ఆఫీసరునా?"

మర్నాడు బావని వెంటబెట్టుకుని ఆఫీసుకి తనే వెళ్ళింది. చెవులు పోయినా కడ్డీతో కనిపెడతారంటే ఇంజనీరమ్మ నమ్మకుండా ఓ రోడ్డు చూపించి వెతకమంది. గుండ్రం గీసిన చోట తవ్వితే నీళ్ళు ఎగజిమ్మాయి, ఆవిడ చీరంతా తడిసింది. ఉద్యోగం నిలిచింది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మాత్రం ఇంజనీరమ్మ షరతు పెట్టింది.

చెవికి మిషను పెట్టించుకున్న రోజు బావ తిన్నగా సింకు దగ్గరికెళ్ళి కుళాయి తిప్పాడు. కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. మేం కదల్లేదు. ఇక ఈయన ఇటు తిరగడనుకున్నాను. అక్క గుమ్మంలోంచి ఏదో చిన్నగా అంది, పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

బావ కుళాయి కట్టేశాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు.