ఇసోబె గారి చూపుడువేలు

ఇసోబె గారు స్క్రీన్ వైపు వేలు చూపించి, నాలుగు మాటలు పైకి అనకుండా ఎంటర్ కొట్టరు. ఆయనకున్న వింత అలవాట్లలో ఇదొకటి అనుకునేరు, ఉన్నదే ఇదొక్కటి. మిగతాదంతా మామూలు మనిషే. యాభై ఏడేళ్ళు, బట్టతల, ఎండాకాలం చలికాలం ఒకటే గోధుమరంగు స్వెట్టరు. కాకపోతే ఆ ఒక్క అలవాటూ పదిమందికి సరిపడా ఉంటుంది.

"సర్వర్ పేరు, టెస్ట్, సరే. బ్యాకప్, తెరిచి చూశాను, సరే. లెక్క, ఆరు వరుసలు, సరే. చెయ్యి, వణకడం లేదు, సరే."

అప్పుడు ఎంటర్. చెయ్యి వణికిందా, లేచి వెళ్ళి గ్లాసుడు బార్లీ టీ తాగొచ్చి మళ్ళీ మొదటినుంచీ. ఒక బొమ్మ పేరు మార్చడానికి ఆయన నాలుగు గ్లాసులు తాగడం నేను కళ్ళారా చూశాను.

ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా ఆయన రైల్లో కండక్టరు. మా దేశంలో రైళ్ళవాళ్ళు సిగ్నల్ కనబడితే వేలెత్తి చూపించి, చూసింది పైకి చెప్పిగానీ బండి కదల్చరు. ఇసోబె గారు రైలు ఉద్యోగం వదిలేసి ప్రోగ్రాములు రాయడానికొచ్చారు గానీ ఆ వేలుని వదిలేసి రాలేదు. తెల్ల గ్లౌజు కూడా వెంట తెచ్చుకున్నారు. లైవ్ సర్వర్ మీద, అంటే జనం నిజంగా వాడుకుంటున్న యంత్రం మీద పనున్న రోజున కుడిచేతికి ఆ గ్లౌజు తొడిగి చూపిస్తారు. తర్వాత దాన్ని తీసి, మడతపెట్టి, జేబులో పెట్టుకుని ఎంటర్ కొడతారు.

దీనికో తోక కూడా ఉంది. ఆఫీసులో ఇంకెవరు పైకి చెప్పినా ఆయన బదులుగా "సరే" అనాల్సిందే. ఫోన్లో ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా, బాల్కనీలో మొక్కకి నీళ్ళు పోస్తున్నా, ఎక్కడినుంచో ఒక "సరే" వచ్చి పడుతుంది. ఆయన ఫోన్లో మాట్లాడుతున్న అవతలివాళ్ళు దేనికి సరే అన్నారో తెలియక తికమకపడిన సందర్భాలు బోలెడు.

నేను జూన్లో చేరాను. తాకామాత్సు రేవు పక్క వీధిలో, వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు పైన, ఎనిమిది మంది కూర్చునే ఆఫీసు. అంతకుముందు అయిదేళ్ళు ఒక పెద్ద దుకాణంలో ఆడవాళ్ళ చెప్పులు అమ్మాను. అది మూతపడితే ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసి ఇటొచ్చాను. చెప్పుల దగ్గర తప్పు చేస్తే ఒక మనిషికి కాలునొప్పి, అంతే. ఇక్కడ తప్పు చేస్తే ఊరందరికీ తలనొప్పి. పుట్టుకతోనే పిరికిదాన్ని కదా, మొదటి నెలంతా మౌస్ పట్టుకుంటేనే నాకు అరచేతులు తడిసిపోయేవి.

దానికి తోడు మా యజమాని ఒచి గారు మొదటి రోజే పిలిచి చెప్పారు. "చూడమ్మా నిషినా, మనకి అన్నం పెట్టేది దీవులకి పడవలు నడిపే కంపెనీ. వాళ్ళ టికెట్ల సైటు ఎవరివల్ల పడిపోతే వాళ్ళు మర్నాటినుంచి రానక్కర్లేదు. నీకు మూడు నెలలు పరీక్షా కాలం. ఆగస్టు ఆఖరున చూద్దాం." ఆయన గొంతు ఎప్పుడూ పెంచరు. పెంచితే కాస్త ధైర్యంగా ఉండేది.

నాకు పని నేర్పే బాధ్యత ఇసోబె గారిది. ఆయన నాకన్నా పిరికివాడని రెండో రోజుకే అర్థమైంది.

"ఎర్ర అక్షరాలు కనబడగానే విండో మూసేశావేం?" అన్నారు.

"భయమేసిందండీ."

"నాకూ వేస్తుంది. కానీ అది నిన్ను తిట్టట్లేదు, దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తోంది. మళ్ళీ తెప్పించు. వేలు పెట్టి పైనుంచి చదువు."

చదివాను. నలభై ఒకటో వరుస అని శుభ్రంగా రాసే ఉంది. నలభై ఒకటో వరుసకి వెళ్తే తప్పు నాకోసమే కూర్చున్నట్టు అక్కడే ఉంది. సంతోషం పట్టలేక దాంతోపాటు ఇంకో మూడుచోట్ల కూడా సవరించాను.

"ఇప్పుడు పనిచేస్తోంది," అన్నాను.

"నాలుగింట్లో దేనివల్ల?"

నాకు తెలియదు. నాలుగూ వెనక్కి తీయించి, ఒక్కొక్కటే మార్పించి, ఒక్కొక్కదానికీ వేలు చూపించమన్నారు. పది నిమిషాల పని మధ్యాహ్నందాకా సాగింది.

బ్యాకప్ విషయంలో అయితే మరీ అన్యాయం. ప్రతి సోమవారం పొద్దున ఆయన ఒక బ్యాకప్ తీసుకుని, దాన్ని వేరే యంత్రం మీద విప్పి, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూస్తూ కూర్చుంటారు. "రోజూ దానంతటదే తయారవుతుంది కదండీ, మళ్ళీ చూడడమెందుకు?" అని అడిగాను. "తెరిచి చూసేదాకా అది బ్యాకప్ కాదమ్మా, ఉంటుందిలే అన్న ఆశ," అన్నారు.

నా పక్క కుర్చీలో తెరావో ఉండేవాడు. ఆరేళ్ళనుంచి పనిచేస్తున్నాడు, ఆరేళ్ళనుంచీ ఇసోబె గారిని ఆటపట్టిస్తున్నాడు. ఉదోన్ నూడుల్స్ అమ్మే హోటల్లో ట్రే పట్టుకుని వరసలో నించుంటే, "ఇసోబె గారూ, గిన్నె, వేడిగా ఉంది, సరే. ఉల్లికాడలు, ఉన్నాయి, సరే. చెప్పండి, లేకపోతే కూలిపోతుంది," అనేవాడు. ఇసోబె గారు నిజంగానే వేలు చూపించి చెప్పేవారు. వెనకాల వరసంతా ఆగిపోయేది.

తెరావోకి ఒక ఇష్టమైన కథ ఉంది. కొత్తవాళ్ళెవరొచ్చినా మొదటి వారంలో వినాల్సిందే. "ఇన్ని వేళ్ళు చూపిస్తాడా, ఈయనే ఆరేళ్ళ కిందట సోయా సాస్ కంపెనీ ఖాతాదారులు ఎనిమిది వందలమందికీ 'పరీక్ష పరీక్ష, నేనే మాట్లాడుతున్నా' అని ఈమెయిల్లో ఉత్తరం పంపేశాడు. అందులో నలభైమంది 'చెప్పండి' అని జవాబు కూడా రాశారు." తెరావో ఇది చెప్పినప్పుడల్లా ఇసోబె గారు తల వంచుకుని నవ్వేవారు.

ఇక నా ఘనకార్యం సంగతి. ఆగస్టు మొదటి వారం, బుధవారం పొద్దున పది నలభై. ఆ నెల నడుమ అందరూ పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళే రోజులు కాబట్టి పడవల్లో చోటు దొరకదు. సైటు కిటకిటలాడుతోంది. నా పని చాలా చిన్నది. టెస్ట్ సర్వర్లో మేం ఉత్తుత్తిగా వేసుకున్న ఆగస్టు టికెట్లు ఆరింటినీ తుడిచెయ్యాలి.

నా ముందు రెండు విండోలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి టెస్టుది, ఒకటి లైవ్‌ది. లైవ్ విండో ఎప్పుడూ ఎర్రగా ఉండాలని ఇసోబె గారి చట్టం. ముందురోజు నేను దాన్ని లేత నీలానికి మార్చేశాను. ఎందుకంటే ఆ ఎరుపు కంటి చివర కనబడితే చాలు నాకు గుండె దడ వచ్చేది. భయం తగ్గించుకుందామని భయపెట్టేదాన్ని తీసేశాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకోటి లేదు.

"సర్వర్ పేరు, టెస్ట్, సరే. బ్యాకప్, సరే. లెక్క, ఆరు, సరే. చెయ్యి, సరే," అన్నాను, ఒక్క ఊపిరిలో. రెండు నెలలుగా అనీ అనీ నాలుకకి అలవాటైపోయింది.

"సరే," అని బాత్‌రూమ్ లోపలినుంచి ఇసోబె గారి గొంతు వినబడింది.

ఎంటర్ కొట్టాను. నా వేలు టెస్ట్ విండో మీదే ఉంది. కీబోర్డు మాట వింటున్నది మాత్రం పక్కనున్న లైవ్ విండో.

స్క్రీన్ మీద ఒక్క వాక్యం వచ్చింది. 1,912 వరుసలు తొలగించబడినవి.

ఆరు ఉండాల్సిన చోట ఆ అంకె, అంటే జనం నిజంగా కొనుక్కున్న ఆగస్టు టికెట్లన్నీ పోయాయి. ఏదో ఒకటి చేస్తే వెనక్కొస్తాయేమోనని చేతులు వాటంతటవే మీటల మీదకి వెళ్తున్నాయి. తెరావో నా మొహం చూసి, స్క్రీన్ చూసి, కుర్చీతో సహా అడుగు వెనక్కి జరిగాడు.

ఇసోబె గారు రుమాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"చేతులు తియ్యి," అన్నారు. "మీటల మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకో. ఇంకేమీ నొక్కకు. పోయినవాటికన్నా, వాటిని తెద్దామని కంగారులో నొక్కేవి ఎక్కువ ముంచుతాయి."

ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడుగానీ నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

ఆయన చెయ్యి కూడా వణుకుతోంది. కానీ బార్లీ టీ తాగడానికి వెళ్ళలేదు. జేబులోంచి గ్లౌజు తీసి తొడుక్కుని, సైటుకి "కొద్దిసేపు ఆగండి" అన్న పేజీ తగిలించారు. పొద్దున ఆరింటికి తయారైన బ్యాకప్ తెరిచారు. తెరుచుకుంది. సోమవారం సోమవారం చూసుకుంటున్న మనిషికి అందులో వింతేమీ లేదు, నాకే ప్రాణం లేచొచ్చింది. ఆరు తర్వాత కొన్న టికెట్లు మాత్రం అందులో లేవు. "టికెట్ కొన్నవాళ్ళకి మనం ఉత్తరం పంపుతాం కదా, వాటి నకళ్ళు ఉంటాయి," అన్నారు ఇసోబె గారు. ముప్ఫై ఏడు దొరికాయి. తెరావో పేర్లు చదివాడు, నేను కొట్టాను, ఇసోబె గారు ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి సరే అన్నారు. పన్నెండింటికి సైటు మళ్ళీ లేచింది. ఒక్క టికెట్టూ పోలేదు. పోవాల్సింది ఇంకా నేనే.

ఒంటిగంటకి ఒచి గారొచ్చారు. పడవల కంపెనీవాళ్ళ ఫోను ఆయనకి దారిలోనే అందింది.

"గంటకి పైగా సైటు లేదట. ఎవరు?" అన్నారు, మామూలు గొంతుతోనే.

నేను లేవబోయాను. ఈలోపల ఇసోబె గారు లేచి నించున్నారు.

"నేనండీ."

"ఎంటర్ కొట్టింది మీరా?"

"కొట్టింది నిషినా. కొట్టేముందు పైకి చెప్పింది. నేను సరే అన్నాను."

"మీరు స్క్రీన్ చూశారా?"

"లేదండీ. బాత్‌రూమ్‌లో ఉన్నాను."

"బాత్‌రూమ్‌లోంచి సరే అన్నారా?"

"అన్నానండీ. చూడకుండా అన్నాను, అందుకే తప్పు నాది."

"కాదండీ," అన్నాను నేను, లేచి. "ఎరుపు తీసేసింది నేను. లెక్క టెస్ట్ విండోలో చూసి లైవ్‌లో కొట్టాను. తప్పు నాదే."

"నువ్వు కూర్చోమ్మా," అన్నారు ఇసోబె గారు. "రైల్లో డ్రైవరు చెప్పింది విని కండక్టరు బదులిచ్చాక ఇంక ఆ బండి ఇద్దరిదీ. అందులో పెద్దవాణ్ణి నేను. పైకి చెప్పమని మీ అందరి ప్రాణాలూ తీసేది ఎందుకనుకున్నావ్? వినబడితేనే కదా నేను బదులివ్వగలిగేది."

అప్పటిదాకా ఆ అరుపులు కంప్యూటర్ కోసం అనుకున్నాను. మేమెవరం తప్పుతో ఒంటరిగా దొరక్కూడదని ఆయన ఇన్నేళ్ళుగా ఫోన్లోంచీ బాల్కనీలోంచీ సరే సరే అంటున్నారని ఆ క్షణాన అర్థమైంది.

ఒచి గారు బీరువాలోంచి ఒక ఫైలు తీశారు. మా ఆఫీసులో తప్పు చేసినవాళ్ళు చేత్తో సంజాయిషీ పత్రం రాసివ్వాలి. "ఇది ఇసోబె గారి తొమ్మిదో పత్రం అవుతుంది," అన్నారాయన, కాగితాలు తిరగేస్తూ. "ఎనిమిదింట్లో ఆయన స్వయంగా చేసిన తప్పు ఒక్కటీ లేదు. నాకు తెలీదనుకుంటున్నారు. సోయా సాస్ ఉత్తరాలు కూడా ఇందులోనే ఉన్నాయి."

"అది ఇసోబె గారే కదండీ పంపింది," అన్నాడు తెరావో.

"ఆ చిరునామాల జాబితా తగిలించింది ఎవరో పత్రంలో రాశారయ్యా. 'కొత్తగా చేరిన కుర్రవాడు పైకి చెప్పాడు, నేను సరే అన్నాను' అని. ఆ ఏడాది కొత్తగా చేరింది ఎవరు?"

తెరావో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సిన పనేమీ లేదు. ఆరేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న కథ ఒక్కసారిగా తన ఒళ్ళోకి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో అతని చెవుల ఎరుపు చూసి తెలుసుకున్నాను. "ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ," అన్నాడు చివరికి.

"నువ్వు బాగా చెప్తావు ఆ కథ," అన్నారు ఇసోబె గారు. "వింటుంటే నాకూ నవ్వొస్తుంది."

ఆ సాయంత్రం లోపల ఆయన తొమ్మిదో పత్రం రాసిచ్చారు. తప్పు: చూడకుండా సరే అనుట. ఇకమీదట తీసుకునే జాగ్రత్త: కళ్ళతో చూసేదాకా సరే అనను. ఒచి గారు రెండుసార్లు చదివి ముద్ర వేశారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఈ పత్రం ప్రకారం నువ్వేం తప్పూ చెయ్యలేదు. చెయ్యని తప్పుకి పంపించడం కుదరదు. ఆగస్టు ఆఖరున చూద్దామన్నాను కదా, ఇప్పుడే చూసేశాను. ఉండు. ముందు వెళ్ళి ఆ ఎరుపు మళ్ళీ పెట్టుకో."

పెట్టుకున్నాను. దడ మళ్ళీ మొదలైంది, ఇప్పటికీ ఉంది. దాన్ని తగ్గించుకునే ప్రయత్నం మానేశాను.

ఆ రోజునుంచి మా ఆఫీసులో పని సగానికి సగం నెమ్మదించింది. ఎవరు పైకి చెప్పినా ఇసోబె గారు ఎక్కడున్నా లేచొచ్చి, వంగి, కళ్ళజోడు సర్దుకుని, సర్వర్ పేరు చదివి, వరుసలు స్వయంగా లెక్కపెట్టి, అప్పుడు సరే అంటున్నారు. పత్రంలో రాశారు కదా, తప్పరు. ఇక బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడైతే గది మధ్యలో నించుని, "అయిదు నిమిషాలు ఎవరూ ఏమీ తుడవకండి," అని అందరికీ చెప్పి మరీ వెళ్తున్నారు. ఆయన వచ్చేదాకా మేం ఏడుగురం మీటల మీంచి చేతులు తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. ఒచి గారు కూడా.