పెదమావగారు పప్పు రుబ్బిన పండగ

నిన్న సాయంత్రం లిఫ్టులో పై అంతస్తు అమ్మాయి కనిపించి, దసరాకి అత్తవారి వైపు చుట్టాలంతా వస్తున్నారనీ, వారంగా గుండె దడగా ఉంటే డాక్టరు ఇదంతా పండగ ఒత్తిడేనని చెప్పాడనీ నవ్వుతూనే చెప్పింది గానీ, కళ్ళు మాత్రం చెమర్చి ఉన్నాయి. మన కాలంలో ఆ దడకి పేరుండేది కాదు, అంతే.

నాకు పెళ్ళయిన ఏడాదే గజపతినగరం దగ్గర మా అత్తవారి ఊళ్ళో అమ్మోరి పండగ వచ్చింది. కొన్నేళ్ళకోసారి వచ్చే పండగ కనుక ఊరూరి నుంచీ చుట్టాలు దిగుతారు. సరిగ్గా వారం ముందు మా అత్తగారు కళ్ళంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో, అన్నం వార్చడం కూడా సరిగా రాని నా మీద నలభై మంది వంట పడింది. పండగనాటి పొద్దున్న వీధిలో డప్పులు మోగుతుంటే, నానబెట్టిన మినప్పప్పు గంగాళం చూసేసరికి నాకు ఊపిరాడలేదు. ఎవరికీ చెప్పకుండా పశువులసాలలోకి పోయి, గడ్డి మీద కూలబడి ఏడ్చాను. పుట్టింటికి వెళ్ళిపోవాలని, మళ్ళీ రాకూడదని గట్టిగా అనుకున్నాను.

మా అత్తగారు వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ నోటికి జడిసి ఊరంతా తప్పుకు తిరిగే మనిషి. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే చతికిలబడి, "ఏటయినాదమ్మా, సెప్పు," అన్నారు. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. అప్పుడు ఆవిడే, "నా మొదటి పండక్కి నేనూ పారిపోనాను. మా అయ్య మళ్ళీ తెచ్చి దిగబెట్టీసినాడు. ఆ దినం నన్నెవులూ ఏటయినాదని అడగనేదు," అన్నారు.

తర్వాత లేచి, అరుగు మీద పెద్దరికంగా కూర్చున్న మా పెదమావగారి ముందు నిలబడ్డారు. "బావా, కోడలికి ఒంట్లో బాగోనేదు. గారెలు తినాలనుంటే పప్పు నువ్వే రుబ్బు," అన్నారు. ఆయన అలిగి లేచిపోతే అత్తగారి పరువు ఏమయ్యేదో! ఆయన మీసం సవరించుకుని, తువ్వాలు నడుముకి బిగించి, రోలు ముందు కూర్చున్నారు. ఇక మిగిలిన మగాళ్ళకి కూర్చునే ధైర్యం ఎక్కడిది? ఒకరు కట్టెలు చీల్చారు, ఒకరు కోళ్ళు కోశారు. నేను మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. గారెలు వంకరటింకరగా, సగం మాడి వచ్చాయి. అందరూ వంక పెడుతూనే గంగాళం ఖాళీ చేశారు.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. నా కోడలి మొదటి పండగకి, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగతో నేను ఎవరినీ పని అడగలేకపోయాను. వంటలన్నీ బయట నుంచి తెప్పించాను. గారెలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ తిన్నారు. కోడలు ఆ రోజంతా ఎలా ఉందో, అడగాలన్న సంగతే నాకు తోచలేదు.