బోర్లించిన మూకుడు

రామచంద్రపురంలో ఎలుకల మందు కొనుక్కుని ఎర్రబస్సు ఎక్కాను. ఆ వారంలోనే మా పెరట్లో కోళ్ల గూటి నుంచి మూడు కోడిపిల్లల్ని ఎలుకలు లాక్కుపోయాయి. పక్క సీట్లో, ఒళ్లో గుడ్ల బుట్టతో కూర్చున్న పెద్దావిడ నా చేతిలో పొట్లం చూసి సంగతి అడిగింది. చెప్పాను.

“దీన్ని ఎలక కన్నా ముందు మీ కోడే పొడుస్తుందండి,” అంది. “సాయంత్రం గూట్లో ఏం పెడతారు?”

“మూకుడు నిండా నూకలండి. తెల్లారేదాకా ఆకలేస్తుంది కదా.”

మా అమ్మ కూడా అలాగే పెట్టేది.

“చీకట్లో కోడి తినదండి. మరి ఆ నూకలు ఎవరికి పెడతన్నారు?”

ఆవిడ తన టిఫిన్ డబ్బా మూత తీసి, బుట్ట మీద బోర్లించి చూపించింది.

“పొద్దుగూకే ముందు మూకుడు కడిగి ఇలా పెట్టేయండి. గూటికి సన్న కన్నాల ఇనప మెష్ కొట్టించండి. చాలు.”

తన ఊరు రాగానే దిగిపోయింది.

మెష్ కొట్టించాను. మందు పొట్లం విప్పే అవసరం రాలేదు. ఇప్పటికీ మూకుడు బోర్లించాకే గూటి తలుపు వేస్తాను. ఇన్నేళ్లలో ఒక్క కోడీ రాత్రి ఆకలని అరవలేదు.