“పడితే?” అనే దత్తాత్రి

ముడి వేయనిదే దత్తాత్రికి మనసు నిలవదు. కళ్ళద్దాలకు తాడు, గొడుగుకు తాడు, చెప్పులకు మడమ వెనక నుంచి తాడు. మరాఠీ గడ్డ మీది తెలుగు నేతగాళ్ళ పేట నీలం నగర్‌లో కుక్కలు సైతం ఆయన్ని చూస్తే సందు మార్చేవి. మగ్గాలు రిపేరు చేసే మనిషి కనుక జేబులో నూలుకు కొదవ లేదు. ఎవరైనా నిచ్చెన మీద కాలు పెడితే చాలు, వాళ్ళ నడుముకు తాడు చుట్టి రెండో కొస తన నడుముకు కట్టుకునేవాడు. ఎందుకని అడిగితే ఒకటే మాట. “పడితే?”

ఆయన చెల్లెలు సరోజ భర్త అంబాదాస్‌కు ఈ బావను చూస్తే ఒళ్ళు మండేది. అంబాదాస్ పవర్‌లూం మీద టవళ్ళు నేసేవాడు. ఒకరోజు మగ్గం నడుస్తుండగానే దత్తాత్రి వచ్చి పక్కన వల కట్టడం మొదలుపెట్టాడు.

“ఏంది బావా, చేపలు పడ్తవా?”

“నాడె ఎగిరొచ్చి కంటికి తాకితే?” అన్నాడు దత్తాత్రి, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నూలుకండెను చూపిస్తూ.

“ఇన్నేండ్ల సంది ఎగరలే గద!”

“గందుకే. గదే తొవ్వల తిరిగి తిరిగి దానికి యాష్టకొచ్చి ఉంటది.”

దత్తాత్రిది పిరికి గుండె అని పేటంతా తేల్చేసింది. అంబాదాస్ ఆ మాట పెళ్ళిపందిళ్ళలో కూడా చెప్పి నవ్వించేవాడు.

తొంభైల్లో ఒక జంధ్యాల పున్నమికి ఊరి చెరువు తలావ్‌లోకి నీళ్ళ స్కూటర్ వచ్చింది. చక్రాల్లేని బండి, మోటారు మీద నీళ్ళు చీల్చుకుంటూ పోతుంది. అంబాదాస్ కూతురు యశోద చేతులు బీడీలు చుడుతున్నా నోరు ఊరుకోని పిల్ల. ఆ బండి నడపాలని పట్టుబట్టింది. వెనక కూర్చోవడం కాదు, తానే నడపాలట.

“ఆడపిల్ల నడుపుడేంది? పేటంత నవ్వుతది,” అన్నాడు అంబాదాస్.

“నవ్వనీ నాయినా. వాళ్ళ పండ్లకు గాలి తగుల్తది.”

వద్దని చెప్పి పండగ పూట చెడ్డవాడు కావడం అంబాదాస్‌కు ఇష్టం లేదు. ఉపాయం పన్నాడు. “మీ మామనడుగు. మామ సరే అంటే పో,” అన్నాడు నలుగురిలో. బిందెలో నీళ్ళు చూసినా గోడ పట్టుకునే మనిషి సరే అంటాడా?

యశోద వెళ్ళి అడిగింది. దత్తాత్రి గడ్డం గీరుకున్నాడు.

“పడితే?”

“పడ్త మామా. మళ్ళ ఎక్కుత.”

“అట్లయితే సరే. పో. తాడు తెస్త.”

అంబాదాస్‌కు పాన్ గొంతులో అడ్డం పడింది. కానీ ఇచ్చిన మాట నలుగురూ విన్నారు.

నేతగాళ్ళ దేవుడు మార్కండేయుడి రథం సాగిపోయాక పేటలో సగం మంది తలావ్ గట్టున చేరారు. దత్తాత్రి ఖాళీ నూనె డబ్బాలు నడుముకు కట్టుకుని వచ్చాడు.

“నువ్వు నీళ్ళల్ల దిగుతలేవు గద బావా?”

“గట్టు జారితే?”

స్కూటర్‌వాడు మరాఠీలో భరోసా ఇచ్చాడు. “కాకా, కాయ్ నాయ్ హోత్!” ఏమీ కాదు అనేవాళ్ళంటేనే దత్తాత్రికి అనుమానం. తేలే జాకెట్ లాగి చూస్తే బకిల్ విరిగి ఉంది. మంచిది తెప్పించి తొడిగే దాకా ఒప్పుకోలేదు. హ్యాండిల్‌కు చుట్టి ఉన్న ఎర్రతాడు చూసి ఇదేమిటన్నాడు. నడిపేవాళ్ళ చేతికి తగిలించేది, మనిషి పడితే ఊడివచ్చి ఇంజన్ ఆగిపోతుంది, ఊరికే ఆగుతోందని కొసను హ్యాండిల్‌కే కట్టేశానని స్కూటర్‌వాడు నవ్వాడు.

దత్తాత్రికి కోపం రావడం పేట అప్పుడే చూసింది. “పోగు తెగితే మగ్గం ఆగాలె! ఆగకుంటే బట్ట ఖరాబు. ఈడ మనిషి ఖరాబు! విప్పు ముందుగాల!” ఎర్రతాడు యశోద మణికట్టుకు తగిలించాడు. “బిడ్డా, పోరలు ఈదే దిక్కు పోకు. గట్టు కాడ మెల్లగ. మలిపెటప్పుడు ఎనక చూసుకో.”

అంతా సక్రమంగా చేశాడు. చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. యశోద జాకెట్‌కు తన నూలుతాడు కట్టి, రెండో కొస తన నడుముకు ముడేశాడు.

స్కూటర్ గర్జించింది. గట్టు మీదున్న దత్తాత్రి మరుక్షణం గట్టు మీద లేడు. ఆయన బరువుకు యశోద వెనక్కి పడింది, ఎర్రతాడు ఊడింది, బండి బుద్ధిగా ఆగింది. డబ్బాల మధ్య దత్తాత్రి గారెలా తేలుతున్నాడు. గట్టంతా పడిపడి నవ్వింది.

ఇద్దరినీ ఒడ్డుకు లాగారు. అంబాదాస్ ఇదే అదను అనుకున్నాడు. “అయిపాయె! బావా, ఇగ పిల్లను ఇంటికి పొమ్మను.”

దత్తాత్రి యశోద జాకెట్‌కున్న నూలుతాడు విప్పుతున్నాడు. ఆయన ముడి విప్పడం ఎవరూ ఎరగరు.

“పిల్లది తప్పు లేదు. పడేసింది నా తాడు,” అని ఎర్రతాడు మళ్ళీ ఆమె చేతికి తగిలించాడు. “పో బిడ్డా. మళ్ళ ఎక్కుత అన్నవు గద.”

“నీకు భయం లేదా బావా?”

“శాన ఉన్నది. నా భయం నాకు కట్టుకుంట, పిల్లకెందుకు కడ్త?” అని నవ్వుతున్న గట్టు వైపు తిరిగాడు. “నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి! ఎవరన్న నవ్వి నీళ్ళల్ల పడితే నా కాడ డబ్బాలున్నయి!”

అంబాదాస్‌కు అప్పుడు తట్టింది. ఈ మనిషి జన్మంతా “పడితే?” అన్నాడు గానీ, “ఎక్కకు” అని ఒక్కరితోనూ అనలేదు. వల కట్టాడు, మగ్గం ఆపమనలేదు. వద్దనే మాట ఎప్పుడూ తన నోటి నుంచే వచ్చింది. సిగ్గేసింది.

యశోద తలావ్ మధ్యలో బండిని మలిపింది. తండ్రి వైపు చెయ్యి ఊపి ఈలవేసింది. అంబాదాస్ అన్నీ మరచి గట్టు అంచుకు ఉరికి, “ఇంక జోరుగ బిడ్డా!” అని అరిచాడు. నడుము దగ్గర ఏదో బిగుసుకుంది. తిరిగి చూస్తే తడిబట్టలతో బావ వంగి ముడి వేస్తున్నాడు.

“ఏంది బావా?”

“శాన ముంగటికొచ్చినవు. పడితే?”

అంబాదాస్ ఈసారి తాడు విదిలించలేదు. కళ్ళు కూతురి మీదే ఉంచి చేతులు పైకెత్తాడు.

“గట్టిగ కట్టు బావా. ఇంకింత ముంగటికి పోవాలె.”