నల్లవాళ్ళ వార్డు సిస్టరు నొఖ్వెజి

నొఖ్వెజి మబీజా నవ్వితే ప్రసూతి వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. తండ్రి జోహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. తల్లి తెల్లవాళ్ళ బట్టలుతికి ఆమెను నర్సును చేసింది. నేను పనిలో చేరేనాటికి ఆమె నల్లవాళ్ళ వార్డుకు సిస్టరు, మా నర్సుల సంఘానికి కార్యదర్శి. మా వార్డులో మంచానికి ఇద్దరు, మంచం కింద ఇంకొకరు. వసారాకు అవతల తెల్లవాళ్ళ వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉండేవి.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నల్లవాళ్ళు ఎక్కడ తిరిగినా పోలీసులకు చూపాల్సిన అనుమతి పుస్తకం, పాసు, ఇకమీద నల్ల నర్సులూ తీసుకుని దాని నంబరు చెప్పాలి, లేదంటే ఉద్యోగం ఉండదు. పాసు లేదని మావాళ్ళని పోలీసులు వీధిలో లారీ ఎక్కించడం రోజూ చూస్తున్నదే. నర్సు దుస్తులు చూసి మమ్మల్ని మాత్రం అప్పటిదాకా వదిలేసేవారు.

మధ్యాహ్నం చాకిరేవు గదిలో, తడి దుప్పట్ల మధ్య సమావేశమయ్యాం.

“ఇచ్చేద్దామే, నంబరే కదా,” అంది మిరియం అక్క. మాలో పెద్దది, నలుగురు పిల్లల తల్లి. “నీకేం, మొగుడా పిల్లలా?”

“ఇవాళ నంబరు అక్కా. రేపు పురుడు పోసి ఇంటికెళ్తుంటే లారీ ఎక్కిస్తారు. అప్పుడు పురుళ్ళెవరు పోస్తారు, ఆ పోలీసోడా?” అంది నొఖ్వెజి.

“వాడికి మీసం తప్ప ఇంకేం పట్టుకోవడం రాదు!” అంది వెనకనుంచి ఓ కుర్ర నర్సు.

అందరం పడీపడీ నవ్వాం. ఇవ్వకూడదనే తేల్చుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నర్సులందరి పైఅధికారి, తెల్లామె, మేట్రన్ మిస్ హాలవెల్ నొఖ్వెజిని పిలిపించింది. “మీసాల గురించి బాగా నవ్వుకున్నారటగా,” అంది, గొంతు పెంచకుండా.

ఆ మాట నొఖ్వెజి వచ్చి మాకు చెప్పింది. మేట్రన్‌కు చేరవేసింది మాలో ఒకతే. కలిసి తినేవాళ్ళం పళ్ళేలు పట్టుకుని తలో మూలకూ పోయాం. నన్నూ అనుమానంగా చూసినవాళ్ళున్నారు.

“ఎవరో వెతక్కండే,” అంది నొఖ్వెజి. “వెతకడం మొదలెడితే మనల్ని వాళ్ళు విడగొట్టక్కర్లేదు.”

ఆ వారంలోనే లిండివే అనే పిల్లకు కాన్పయ్యాక రక్తం ఆగలేదు. మా వైపు రక్తం సీసాలు అయిపోయాయి. తెల్లవాళ్ళ వైపు పెట్టెనిండా ఉన్నాయి. నొఖ్వెజి వసారా దాటి పరుగెత్తింది.

“ఇస్తే నా ఉద్యోగం పోతుంది, మబీజా,” అంది అక్కడి తెల్ల నర్సు, పెట్టెకు అడ్డంగా నిలబడి. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. తాళంచెవి మాత్రం జేబులోంచి తీయలేదు.

నొఖ్వెజి వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి లిండివే పెదవులు పాలిపోయాయి. కాసేపటికే ప్రాణం పోయింది. ఆ తర్వాత నొఖ్వెజి నవ్వు మేం వినలేదు.

పాసులు వద్దన్నది ఒక్కటే కాదు, రక్తానికి రంగు చూడొద్దన్నదీ మా కోరికల్లో చేరింది. సోమవారం ఉదయం తెల్లదుస్తుల్లో మేట్రన్ గది మెట్లమీద కూర్చున్నాం. గేటు బయట బస్తీ ఆడవాళ్ళు మాకోసం తెచ్చిన మొక్కజొన్న సంకటి గిన్నెలతో కూర్చున్నారు. వాళ్ళ వెనక తుపాకులతో పోలీసులు.

“రోగుల్ని వదిలేసి వచ్చారా?” అంది మిస్ హాలవెల్.

“లేదు మేడమ్. ఇప్పుడు పనివేళ ఉన్నవాళ్ళు వార్డులోనే ఉన్నారు. మేం సెలవులో ఉన్నవాళ్ళం,” అంది నొఖ్వెజి.

మిరియం అక్క లేచి నొఖ్వెజి పక్కన నిలబడింది.

నంబర్ల ఉత్తర్వును పక్కన పెట్టారు. రక్తం పెట్టెలు మాత్రం వేరుగానే ఉండిపోయాయి. మేం గెలిచామనే అనుకున్నాం. కానీ మేట్రన్ ఎవర్నీ కోప్పడలేదు, ఎవరి జీతమూ కోయలేదు. ఆ నెమ్మదే మమ్మల్ని భయపెట్టింది.

చలి తగ్గాక, ఒకరోజు నొఖ్వెజి ఒక రోగి పుండుకు కట్టు కడుతుంటే మఫ్టీలో ఇద్దరు పోలీసులు వార్డులోకొచ్చారు. కట్టు ముడి వేసేదాకా వాళ్ళని నిలబెట్టింది. చేతులు కడుక్కుని వాళ్ళతో వెళ్ళింది. విచారణ లేదు. ఉత్తరాన ఎవరూ తెలియని ఎండు పల్లెకు పంపేశారు. ఆమెతో మాట్లాడొద్దని ఆ ఊరివాళ్ళకు ఆజ్ఞ.

మరుసటేడు మిరియం అక్కా నేనూ వెతుక్కుంటూ వెళ్ళాం. రేకుల గుడిసె తలుపు తీగతో కట్టేసి ఉంది. అడిగితే జనం మొహాలు తిప్పుకున్నారు. చివరికి చంటిబిడ్డ తల్లి ఒకామె మా పక్కనే నడుస్తూ, మావైపు చూడకుండా గొణిగింది:

“నాకు పురుడు పోసింది ఆవిడే. అది తెలిసి పోలీసు లారీ వచ్చింది. ఎక్కడికి తీసుకుపోయారో తెలీదు. మీరూ వెళ్ళిపోండమ్మా. బస్సు దిగిన దగ్గర్నుంచీ మిమ్మల్ని చూస్తూనే ఉన్నారు.”