నాది కాని దండం
కిందటేడు ప్రొద్దుటూరులో పిల్లల కథలు రాసే ఒక రచయిత్రికి సన్మానం చేస్తున్నారని తెలిసి, జమ్మలమడుగు నుంచి ముందే వెళ్లి వేదిక దగ్గర కూర్చున్నాను. నా తెల్లజుట్టు చూసి నేనే ఆవిడననుకుని జనం చుట్టుముట్టారు. "నేను కాదు" అన్న నా మాట పిల్లల కేకల్లో ఎవరికీ వినబడలేదు. ఇంతలో సింహాద్రిపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన దండం పెట్టి నా చేతులు పట్టుకున్నాడు.

"వాళ్లమ్మ పోయినప్పట్నించి మా మనవరాలికి మాటా పలుకూ లేదమ్మా. నీ కుందేలు కత సదివి వినిపిస్తే నవ్వింది. శానా మేలు చేసినావు తల్లీ" అని ఏడ్చేశాడు.

 వెనక్కి తిరిగితే అసలు రచయిత్రి అక్కడే నిలబడి వింటోంది. లేవబోయిన నా భుజం పట్టి ఆపింది.

"ఆయన్ని చెప్పనీండమ్మా" అంది. నా భుజం మీద చెయ్యి తీయకుండానే నా పక్కన కూర్చుంది.

అంత కృతజ్ఞతను ఒక్కరే మోయలేరని ఆ రోజే తెలిసింది.

– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు